హోల్డాన్ అత్త పెట్టిన బడి

మా మేనత్తకు కోపం ముక్కు మీద ఉండేది, నవ్వు నాలుక చివర ఉండేది. ఏది ముందొస్తుందో ఆవిడకే తెలియదు. బస్సు కండక్టరుగా పనిచేసినన్నాళ్లూ మిగతా కండక్టర్లు బస్సు ఆపాలంటే తాడు లాగి గంట కొట్టేవారు. ఈవిడ మాత్రం వెనక తలుపు దగ్గర్నుంచి "హోల్డాన్!" అని ఒక్క కేక వేసేది. డ్రైవరు కాలు దానంతటదే బ్రేకు మీద పడేది. అందుకని డిపోలో మేనేజరు మొదలు బస్సులు కడిగేవాళ్ల దాకా అందరికీ ఆవిడ హోల్డాన్ అత్తే. అసలు పేరు పింఛను కాగితాల్లో తప్ప ఎక్కడా మిగల్లేదు.

అలాంటి మనిషి రిటైరయ్యాక బడి పెట్టింది. తను మాత్రం హైస్కూలు గడప తొక్కలేదు. నవ్వొస్తే నవ్వుకోండి, మేమూ నవ్వాం. మా నాన్న అయితే, "బస్సులో అరిచిన అరుపులు చాల్లేదేమో, పిల్లల మీద అరవడానికి బయల్దేరింది" అన్నాడు. చెల్లెలు వినదని తెలుసు కనుక అంతటితో ఊరుకున్నాడు.

అసలు సంగతి ఏమిటంటే, డిపోలో తొలి బస్సు తెల్లారకముందే కదులుతుంది. డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులు, కడిగేవాళ్లు అందరూ అంతకు ముందే వచ్చి ఉండాలి. ఇంట్లో చూసుకునేవాళ్లు లేనివాళ్లు పిల్లల్ని వెంట తెచ్చుకునేవారు. ఆ పిల్లలు పాత టైర్ల కుప్పల మీదా, షెడ్డులో నిలిపిన బస్సుల్లోనూ పడుకునేవారు. సర్కారు బడి గేటు తీసేసరికి పొద్దు బాగా ఎక్కేది. అప్పుడు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి దింపడానికి తల్లి ఏ ఊరి దారిలో టికెట్లు కొడుతుంటుందో! దింపేవాళ్లు లేక సగం మంది వెళ్లేవారు కాదు. వెళ్లకుండా వెళ్లకుండా కొందరు బడి మాటే మర్చిపోయారు. పదేళ్ల పిల్లకు స్పానర్ల సైజులన్నీ తెలుసు, తన పేరు రాయడం తెలియదు.

అత్త ఆ బడి హెడ్మాస్టరు దగ్గరకు వెళ్లి, గేటు కాస్త పెందలాడే తీయమని బతిమాలింది. బతిమాలిందంటే ఆవిడ పద్ధతిలో బతిమాలిందన్నమాట, నాలుగు వీధులకు వినిపించింది. ఆయన కూడా సామాన్యుడు కాదు.

"రూలు ఒప్పుకోదమ్మా. అంత ముచ్చటగా ఉంటే మీరే ఒక బడి పెట్టుకోండి" అన్నాడు.

ఎత్తిపొడుపుగా అన్నాడు. అత్త దాన్ని సలహాగా తీసుకుంది.

ఆవిడ బస్సులో ఏళ్ల తరబడి కోర్టుకు వెళ్లిన ప్లీడరుగారు ఒకాయన ఉండేవారు. నేరుగా ఆయన ఇంటికి వెళ్లి, "బాబుగారూ, నాలాంటిది బడి పెట్టొచ్చా?" అని అడిగింది. ఆయన నవ్వలేదు. అందుకే ఆయనంటే నాకు ఈనాటికీ గౌరవం.

"నిక్షేపంగా పెట్టొచ్చు. ప్రైవేటు బడి పెట్టే హక్కు మన దేశంలో ఎవరికైనా ఉందమ్మా. సాక్షాత్తూ రాజ్యాంగంలో రాసి ఉంది. సర్కారు దయతలచి ఇచ్చేది కాదు. షరతులన్నీ సరిగ్గా ఉంటే అనుమతి ఇవ్వనని అనే వీల్లేదు" అన్నారాయన.

"షరతులేంటి మరి?"

"సర్కారు బడికి ఏ విషయంలోనూ తీసిపోకూడదు. చెప్పేవాళ్లు ట్రైనింగ్ అయినవాళ్లు ఉండాలి. వాళ్ల జీతం గాల్లో దీపం కాకూడదు. ఇంకొకటి, తల్లిదండ్రుల స్తోమతును బట్టి పిల్లల్ని వేరు చెయ్యకూడదు."

"ఆ చివరిదాని గురించి మీకు బెంగక్కర్లేదు బాబుగారూ. మన బడి పెట్టేదే లేనోళ్ల కోసం" అని అత్త చేతులు దులుపుకుంది.

మర్నాడు విద్యాశాఖ ఆఫీసుకు వెళ్లింది. నన్నూ లాక్కెళ్లింది. అక్కడి గుమాస్తా అత్తను ఎగాదిగా చూసి, "బడంటే బడ్డీకొట్టు అనుకున్నావా పెద్దమ్మా? ఊరికే ఇచ్చేస్తామా అనుమతి?" అన్నాడు.

"ఊరికే ఎందుకిస్తావు నాయనా, చూసే ఇవ్వు. షరతులన్నీ ఒక్కొక్కటీ చూసుకో. అన్నీ ఉన్నాక మాత్రం ఇవ్వాల్సిందే. నేను అడుక్కోడానికి రాలేదు, నాది నేను తీసుకోడానికొచ్చా."

గుమాస్తా తెల్లమొహం వేశాడు. నాకైతే సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. బయటికి వచ్చాక అత్త నా వైపు తిరిగి, "నువ్వు టీచరు ట్రైనింగ్ చేశావుగా? ఇంట్లో కూచుని టీవీకి పాఠాలు చెప్తున్నావు. సోమవారం నుంచి వచ్చెయ్" అంది. నా ఉద్యోగానికి జరిగిన ఇంటర్వ్యూ అంతా ఇదే.

డిపో చివర పాత పార్సిల్ ఆఫీసు ఖాళీగా పడి ఉంటే అద్దెకు తీసుకున్నాం. గోడలకు సున్నం కొట్టించాం. పార్సిళ్లు తీసుకునే కిటికీ మూయించి ఆ గోడను నల్లబల్లగా మార్చాం. మరుగుదొడ్లు కట్టించాం. మంటలు ఆర్పే ఎర్ర డబ్బా తగిలించాం. రిటైరైన టీచరమ్మ ఒకావిడను అత్త బస్సు స్టాపులో పట్టుకుంది. తనకు రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ములో ఈ ఖర్చులు పోగా మిగిలింది మా జీతాలకని బ్యాంకులో వేసింది. బల్లలు ఎక్కణ్ణించి తేవాలి అని మేము తలలు పట్టుకుంటే, మెకానిక్కులు తుక్కుకు పంపబోయే బస్సుల నుంచి సీట్లు ఊడబీకి, చెక్కల మీద బిగించి, ముందు రాసుకునే పలకలు అమర్చి పెట్టారు. ఇద్దరిద్దరు కూర్చునే మెత్తటి సీట్లు. ఒక్కొక్క దాని మీద ఇంకా నంబరు ఉండేది. ఏ బడిలోనూ లేని వైభోగం అది! పిల్లలు కాళ్లూపుకుంటూ కూర్చుని, నేను పాఠం మొదలుపెట్టగానే "రైట్ రైట్" అనేవారు.

తొలి బస్సుతో పాటు బడి తెరిచేవాళ్లం, తల్లిదండ్రుల డ్యూటీ దిగే దాకా ఉంచేవాళ్లం. తాత్కాలికంగా నడుపుకోమని ఆఫీసు వాళ్లు కాగితం ఇచ్చారు, తనిఖీ అయ్యాకే అసలు అనుమతి. ఈ లోపల వేళలు బాగున్నాయని డిపో ఎదురుగా ఉన్న దుకాణాల వాళ్లు కూడా పిల్లల్ని పంపడం మొదలుపెట్టారు. వాళ్లు ఫీజు కట్టేవారు. డిపో పిల్లల్లో చాలామందికి ఫీజు లేదు. అత్తకు నోటికి అలవాటైన మాటలు రెండే కదా, ఫీజు లేనివాళ్లను పాసు పిల్లలనీ, కట్టేవాళ్లను టికెట్టు పిల్లలనీ అనేది. అందులో చెడ్డ ఉద్దేశం ఈషణ్మాత్రం లేదు. మేమూ అలాగే అనేవాళ్లం.

తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మ నెమ్మదైన మనిషి. స్కూటరు దిగి, హెల్మెట్ చేత్తో పట్టుకుని, అన్నీ తిరిగి చూసింది. పిల్లల చేత చదివించింది, లెక్కలు చేయించింది. మరుగుదొడ్డి తలుపు గడియ కూడా వేసి చూసింది. మా ఇద్దరి సర్టిఫికెట్లు చూసి తలూపింది. అత్త మొహం వెలిగిపోతోంది. కిటికీలోంచి డిపో జనం తొంగి చూస్తున్నారు. ఇన్‌స్పెక్టరమ్మ చివరి సీటులో కూర్చుని రాసుకోవడం మొదలుపెట్టింది. పని అయిపోయిందనే అనుకున్నాం.

అప్పుడు మందుల షాపాయన కొడుకు ఆలస్యంగా వచ్చాడు. సీట్లన్నీ నిండి ఉన్నాయి. వాడు గుమ్మంలో నిలబడ్డాడో లేదో, కిటికీ పక్కన కూర్చున్న బుడంకాయ లేచి, పలక సంకలో పెట్టుకుని వెనక గోడ దగ్గరకు వెళ్లి నిలబడింది. బస్సులు కడిగే ఆవిడ కూతురు అది. గుప్పెడు పిల్ల కనుక బుడంకాయ అనేవాళ్లం. వాడు వెళ్లి ఆ సీటులో కూర్చున్నాడు. వాడికీ అది వింతగా అనిపించలేదు.

ఇన్‌స్పెక్టరమ్మ కలం ఆగింది. "ఎందుకు లేచావమ్మా?" అని అడిగింది.

"ఆ అబ్బాయిది టికెట్టండీ. నాది పాసు" అంది బుడంకాయ.

"అలా లేవమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. అంతేగా!"

బస్సుల్లో ఆ రివాజు ఎప్పటి నుంచో ఉంది. డిపో వాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు పాసు మీద ఊరికే ప్రయాణం చేస్తారు. టికెట్టు కొన్న మనిషి నిలబడి ఉంటే మాత్రం పాసు మనిషి లేచి సీటివ్వాలి. తల్లి ఒళ్లో కూర్చుని బస్సెక్కినప్పటి నుంచి ఆ పిల్లలు చూస్తున్నది అదే. ఇక్కడా బస్సు సీట్లే, ఇక్కడా పాసూ టికెట్టూ అనే మాటలే. ఎవరూ చెప్పకుండానే రోజూ లేచి ఇస్తూ ఉన్నారు. పిల్లలు ఎంత మర్యాదగా సర్దుకుంటున్నారో అని మేము మురిసిపోతున్నాం.

అత్త తల దించుకుంది. ఆవిడను అలా చూడడం నాకు అదే మొదటిసారి.

ఇన్‌స్పెక్టరమ్మ కాగితాలు మూసింది. "మీ బడి నాకు నచ్చిందమ్మా, నిజంగా. బడి పెట్టే హక్కు మీకు ఏ రాజ్యాంగం ఇచ్చిందో, కలిగినవాళ్ల పిల్లల్ని, లేనివాళ్ల పిల్లల్ని వేరు చెయ్యకూడదని అదే చెప్పింది. ఇది చూశాక అనుమతి ఎలా రాయను? సెలవుల ముందు మళ్లీ వస్తాను. అప్పుడూ ఇలాగే ఉంటే మూసెయ్యమని రాయక తప్పదు" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "మేమేం వేరు చెయ్యలేదండీ! ఆ పిల్ల తనంతట తను లేచింది!" అన్నాను.

"నువ్వు నోర్ముయ్" అంది అత్త. ఇన్‌స్పెక్టరమ్మతో మాత్రం, "మీరు చూసింది నిజమేనమ్మా. రండి, మళ్లీ రండి" అంది.

సాయంత్రం ప్లీడరుగారు వచ్చారు. అంతా విని, "అప్పీలు వేద్దాం. నిర్వాహకులు చెప్పలేదు, పిల్ల ఇష్టపడి లేచింది. గట్టి పాయింటు. తప్పకుండా గెలుస్తాం" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"గెలుస్తాం సరే బాబుగారూ, పిల్ల కూచుంటుందా?" అని అడిగింది అత్త.

అప్పీలు వద్దంది అత్త. ఎంత కోపం వచ్చిందో నాకు! ఈవిడ పట్టుదలకు పిల్లలు మళ్లీ టైర్ల కుప్పల మీదకు పోతారని ఆ పూట అన్నం కూడా మానేశాను. ఆవిడ మాత్రం సుబ్బరంగా తిని లేచి, "ఆకలితో ఏడిస్తే పనులవవు" అంది.

మర్నాటి నుంచి పాసు, టికెట్టు అనే మాటలు బడిలో నిషేధం. ఫీజు కింద ఎవరికి తోచింది వాళ్లు వెయ్యమని డిపో క్యాంటీనులో తాళం వేసిన డబ్బా పెట్టించింది. ఎవరు ఎంత వేశారో, అసలు వేశారో లేదో మాకెవరికీ తెలియకుండా చేసింది. ముందొచ్చినవాళ్లది ముందు సీటు, ఎవరూ ఎవరికోసమూ లేవకూడదని గొంతు చించుకుని చెప్పింది. సీట్లు కూడా కొత్తవి నాలుగు చేయించింది గానీ, కొత్తగా చేరినవాళ్లతో అవీ నిండిపోయాయి. పిల్లలు బుద్ధిగా "అలాగే" అన్నారు. మందుల షాపు అబ్బాయి గుమ్మంలో కనపడగానే బుడంకాయ మళ్లీ లేచింది.

"ఏమే, లేవొద్దన్నానా?" అంటే, "మర్చిపోయానండీ" అని కూర్చుంటుంది. ఆ మర్నాడు మళ్లీ లేస్తుంది. చెవులు వింటున్నాయి గానీ కాళ్లు వినడం లేదు. అది లేస్తే దాని వెనక ఇంకో ఇద్దరు లేచేవారు. చివరికి అత్త విసుగెత్తి, నన్ను వెంటబెట్టుకుని కడిగే షెడ్డుకు వెళ్లింది.

బుడంకాయ తల్లి పైపుతో బస్సు అద్దాల మీద నీళ్లు కొడుతోంది. మమ్మల్ని చూసి పైపు కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"నీ కూతురికి కాస్త చెప్పవే తల్లీ, సీట్లోంచి లేవొద్దని. నేను చెప్తే వినట్లేదు" అంది అత్త.

"లెగమని నేర్పింది నేనేనండీ. మనంతట మనం లేస్తే మర్యాదగా ఉంటది. లేవకపోతే లేపుతారు. అందరి ముందూ లేపించుకోడం కంటే అదే నయం కదండీ" అంది ఆవిడ.

"ఎవరు లేపుతారే?"

ఆవిడ కాస్త తటపటాయించి, నవ్వేసింది. "మీరే లేపారు కదండీ ఒకసారి. అది నా కడుపులో ఉన్నప్పుడు. 'పాసు మీదున్నవాళ్లు లేవండి, టికెట్టువాళ్లు నిలబడ్డారు' అని కేకేశారు. మీ తప్పేముందిలెండి, రూలు కదా. మీకు గుర్తుండదు."

నిజంగానే అత్తకు గుర్తులేదు. అలాంటి కేకలు ఎన్ని వేసిందో ఆవిడకే లెక్క తెలియదు. పైపులోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. అత్త చెప్పులు తడుస్తున్నా కదల్లేదు. నాకు ఏడుపొచ్చింది.

చివరికి అత్తే వెళ్లి కొళాయి కట్టేసి వచ్చి, "లేపింది నేనే అయితే కూచోబెట్టాల్సింది కూడా నేనేగా? రేపు పొద్దున బడికి రా. పిల్లతో పాటు నువ్వూ కూచోవాలి" అంది.

"నేనా? ఒళ్లంతా తడి, గ్రీజు. సీట్లు పాడవుతాయండీ."

"పాడయితే నువ్వే కడుగుదువుగాని, నీకు అలవాటేగా. రా."

వచ్చింది. తడి చీరతోనే వచ్చి, కిటికీ పక్క సీటు అంచున భయం భయంగా కూర్చుంది. పక్కన బుడంకాయ. పిల్లలంతా మెడలు తిప్పి చూస్తున్నారు. అలవాటు ప్రకారం మందుల షాపు అబ్బాయి ఆలస్యంగా వచ్చాడు. ఆ తల్లి ఉలిక్కిపడి లేవబోయింది. అత్త ఆవిడ భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది.

"కూచో. ఒకప్పుడు నిన్ను నిండు మనిషివని కూడా చూడకుండా లేపాను. బుద్ధి లేక లేపాను. ఇప్పుడు ఈ పిల్లలందరి ముందూ చెప్తున్నా, ఈ సీటు నీది, నీ కూతురిది. ఎవరొచ్చినా లేవక్కర్లేదు. దేశాన్నేలే రాజొచ్చినా సరే!"

తర్వాత ఆ అబ్బాయి వైపు తిరిగి, "నువ్వు రేపు ముందొస్తే నీకూ సీటు. ఇవాళ్టికి నాతో పాటు నిలబడు నాయనా" అంది. వాడు బుద్ధిగా నిలబడ్డాడు. అత్త కూడా ఆ పీరియడంతా వాడి పక్కన నిలబడింది. మోకాళ్ల నొప్పుల మనిషి, పళ్ల బిగువున నిలబడింది. నేను గుణింతాలు చెప్తున్నాను. కడిగే ఆవిడ మాత్రం మెల్లగా వెనక్కి జరిగి, వీపు సీటుకు ఆనించి, కూతురి పలకలోకి చూస్తూ కూర్చుంది.

సెలవుల ముందు ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. ఈసారి కిటికీల దగ్గర డిపో జనం ఎవరూ లేరు, అందరికీ భయమే. అత్త మటుకు తల ఎత్తుకుని, "చూసుకోండమ్మా" అంది. ఇన్‌స్పెక్టరమ్మ వెనక గోడ దగ్గర నిలబడింది. నేను ఎక్కాలు చెప్పిస్తున్నాను.

ఉన్నట్టుండి కిటికీ దగ్గర గొడవ మొదలైంది. మందుల షాపు అబ్బాయి ఆ రోజు త్వరగానే వచ్చాడు గానీ, బుడంకాయ అంతకన్నా ముందొచ్చి కూర్చుంది.

"నిన్న నువ్వే కూచున్నావు కిటికీ దగ్గర! ఇవాళ నాది, లే!" అంటున్నాడు వాడు.

"లేవను. ముందొచ్చింది నేను."

"మా నాన్నతో చెప్తా!"

"చెప్పుకో పో! నేను లేవను!"

టీచరమ్మ కంగారుగా పరిగెత్తబోయింది. నేనూ సుద్దముక్క పారేసి కదిలాను. తనిఖీ రోజునే తన్నులాటా! అత్త మా ఇద్దరి చేతులూ పట్టుకుని ఆపేసింది.

"ఆగండే! కొట్టుకోనీండి" అంది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, పెదాల మీద నవ్వు ఆగడం లేదు.

ఇన్‌స్పెక్టరమ్మ పిల్లలిద్దర్నీ మార్చి మార్చి చూసి, అత్త వైపు తిరిగింది. "ఏవమ్మా, ఈ గొడవ కూడా రాయమంటారా?" అని అడిగింది.

"అదే ముందు రాయండమ్మా, మిగతావన్నీ దాని కింద రాద్దురుగాని" అంది అత్త.

ఇన్‌స్పెక్టరమ్మ నవ్వుతూ కలం తీసింది. కిటికీ దగ్గర బుడంకాయ రెండు చేతులతో సీటు అంచు పట్టుకుని, కాళ్లు ముందు సీటుకు తన్నిపెట్టి, "లేవనంటే లేవను!" అని అరుస్తోంది.